మాంటరేలో తిమింగలాల బోటు: ఘాట్ రోడ్డుకే వాంతులయ్యే అమ్మతో ఏ నెలలో వెళ్లాలి?

ఉప్పుడుపిండి:
అమ్మానాన్న ఏప్రిల్ నుంచి సెప్టెంబరు చివరి దాకా మాతో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటారు. మాంటరే తీసుకెళ్లి తిమింగలాలు చూపించాలని ఉంది. నాన్నకి 68, బీపీ మాత్ర వేసుకుంటారు, ప్రోస్టేట్ కొంచెం పెరిగింది. అమ్మకి 63. తిరుమల ఘాట్ రోడ్డులో రెండో మలుపుకే కవర్ అడుగుతుంది. మేలో ఓర్కాలు (వేటాడే ‘కిల్లర్ వేల్స్’) వస్తాయని విని మూడో వారానికి టికెట్లు కొందామనుకుంటున్నా. ఆ వారం సరైనదేనా? పెద్ద బోటా, రబ్బరు బోటా? వాంతుల మాత్ర ఏది, ఎన్ని గంటల ముందు? తెలిసినవాళ్లు చెప్పండి.

పడమటిగాలి:
ఓర్కాల కోసమైతే మే మొదట్లో వెళ్లాలి, మూడో వారానికి ఆ సందడి సన్నగిల్లుతుంది. అమ్మగారి కోసమైతే మే అసలు వద్దు.

మెక్సికోలోని బాహా మడుగుల్లో ఈనిన గ్రే వేల్ (బూడిదరంగు తిమింగలం) తల్లులు కూనలతో ఏప్రిల్, మే నెలల్లో ఉత్తరానికి పోతాయి. ఒడ్డు పట్టుకుని పోతే వాటికి కాస్త భద్రం. మాంటరేకి వచ్చేసరికి చిక్కంతా సముద్రం అడుగున ఉన్న లోయతో. మాస్ లాండింగ్ రేవు నోటి దగ్గరే మొదలై, ఒడ్డు నుంచి దూరం పోయేకొద్దీ మైలుకి పైగా లోతుకి దిగిపోతుంది. దాని మీదుగా అడ్డంగా ఈదే తల్లీకూనల కోసం ఓర్కాలు కాపు కాస్తాయి. అయినా రోజూ కనపడతాయని కాదు, ఇవాళ ఇక్కడుంటే రేపు ఎక్కడుంటాయో చెప్పలేం. పైగా 2019 నుంచి 2023 దాకా గ్రే వేల్స్ చాలా చనిపోయాయి, కూనలు కూడా తగ్గాయి. పాత పోస్టుల్లో రాసిన వేట దృశ్యాల మీద ఆశ పెట్టుకుని డబ్బు కట్టకండి.

అసలు ఇబ్బంది గాలి. ఈ తీరంలో వాయవ్య గాలి బలంగా వీచేది వసంతంలోనే. ఆ గాలే పైనీటిని ఒడ్డు నుంచి దూరంగా తోసి, అడుగు నుంచి చల్లటి నీటిని పైకి లాగుతుంది. ఆ నీటిలోని పోషకాల వల్లే క్రిల్ (రొయ్యల్లాంటి చిన్న జీవులు), ఆంచొవీ చేపలు పెరుగుతాయి. అంటే తిమింగలాలకి మేత పెట్టేదీ, అమ్మగారి కడుపులో తిప్పేదీ ఒకటే గాలి.

నా ఓటు సెప్టెంబరుకి. గాలి తగ్గుతుంది. ఆంచొవీ గుంపులుంటే హంప్‌బ్యాక్ తిమింగలాలు నోళ్లు తెరుచుకుని పైకి లేస్తాయి. క్రిల్ బాగా ఉన్న ఏడాది బ్లూ వేల్ కూడా రావచ్చు, దాని కాలం సుమారు జులై నుంచి అక్టోబరు. జులై, ఆగస్టు కూడా పర్వాలేదు కానీ పొగమంచు ఎక్కువ, నీటి మీద దూరం కనపడదు.

అలలలెక్క:
నెల ఒక్కటే చూస్తే చాలదు, రోజు కూడా చూడాలి. మాంటరేకి పడమరగా సముద్రంలో 46042 నంబరు బోయా (అలల్నీ గాలినీ కొలిచే తేలే పరికరం) ఉంటుంది. దాని రీడింగులు ఎన్‌డీబీసీ (అమెరికా ప్రభుత్వ బోయాల కేంద్రం) సైటులో ఉచితం. చాలామంది అల ఎత్తు ఒక్కటే చూసి మోసపోతారు. అలకీ అలకీ మధ్య ఎన్ని సెకన్లో చూడండి. 6 అడుగుల అల 14 సెకన్లకి ఒకటి వస్తే బోటు మెల్లగా ఎక్కి దిగుతుంది. 5 అడుగులే అయినా 7 సెకన్లకి ఒకటి వస్తే కుదిపేస్తుంది. గాలి 10 నాట్ల (ఒక నాట్ అంటే గంటకి 1.85 కి.మీ.) లోపు ఉంటే హాయి. 15 దాటితే నీటి మీద తెల్ల నురగలు లేస్తాయి, అప్పుడు తిమింగలం ఊపిరితో లేచే తుంపర కూడా ఆ తెలుపులో కలిసిపోతుంది. 20 అని సూచన ఉంటే తేదీ మార్చుకోండి. బోటువాళ్లు ప్రమాదం అనుకుంటేనే రద్దు చేస్తారు, మీకు ఇబ్బందని చేయరు. టికెట్ మార్చుకోడానికి ఎన్ని గంటల గడువు ఇస్తారో కొనేటప్పుడే అడిగి, గడువు దాటకముందే సూచన చూసుకోండి.

పొద్దున మొదటి బోటే ఎక్కండి. మధ్యాహ్నానికి గాలి లేస్తుంది.

రబ్బరు బోటు మాట మర్చిపోండి. నడుముకి దెబ్బ, నీళ్లు మీద పడతాయి, అన్నిటికన్నా ముఖ్యం మరుగుదొడ్డి ఉండదు. మూడు నాలుగు గంటలు నాన్నగారికి కుదరదు. 60 అడుగులకి పైబడిన, కేబిన్ ఉన్న బోటు చూడండి.

కూర్చునే చోటు: మన జాలర్లు బోటు ముందు కొసని అణియం అంటారు, వెనక కొసని అమరం. అణియం సీ-సా బల్లలా లేచి పడుతుంది, ఫోటోలకి అందరూ అక్కడికే ఎగబడతారు. అమ్మగారిని నడిమికీ అమరానికీ మధ్య, కింది డెక్కు మీద, బయట ఉంచండి. కేబిన్‌లోకి పంపొద్దు. వెచ్చగా ఉంటుందని వెళ్తారు, దిగంతం కనపడదు, పది నిమిషాల్లో పనైపోతుంది.

ఇంకొకటి. బోటు పరుగెత్తేటప్పుడు కన్నా తిమింగలం దగ్గర ఇంజన్ తగ్గించి ఆగినప్పుడే ఎక్కువమందికి వాంతులవుతాయి. బోటు అలకి అడ్డం తిరిగి పక్కలకి ఊగుతుంది, డీజిల్ పొగ కూడా చుట్టుకుంటుంది. ఆ సమయంలో లేచి, కమ్మీ పట్టుకుని, మోకాళ్లు కొంచెం వంచి, కళ్లు దిగంతం మీద పెట్టాలి. బైనాక్యులర్స్ చేతికివ్వకండి. వాంతి వచ్చేస్తే గాలి ఎటు నుంచి వీస్తోందో దానికి అవతలి వైపు కమ్మీ దగ్గరికి తీసుకెళ్లండి. టాయిలెట్‌లోకి వెళ్తే ఇంకా ఎక్కువవుతుంది.

మాత్రలపెట్టె:
ముందు నాన్నగారి సంగతి. వాంతుల మాత్రలు చాలావరకు మూత్రం బిగబట్టేస్తాయి. మెక్లిజిన్, డైమెన్‌హైడ్రినేట్, ఇండియా నుంచి తెచ్చుకునే అవోమిన్, అన్నిటికీ ఆ గుణం ఎంతో కొంత ఉంది. ప్రోస్టేట్ పెరిగినవాళ్లకి అది ప్రమాదం. ప్రయాణాల్లో ఆయనకి ఎప్పుడూ తిప్పకపోతే ‘ముందు జాగ్రత్త’ అని వేయకండి. తిప్పుతుందంటే డాక్టర్ని అడిగాకే.

అమ్మగారికి: గ్లకోమా, ఆస్తమా లేకపోతే, మత్తునిచ్చే వేరే మందులు వాడకపోతే, సాధారణంగా మెక్లిజిన్ 25 మిల్లీగ్రాములు, బోటు కదలడానికి గంట ముందు. బోటు ఎక్కాక వేస్తే ఆలస్యం, వాంతులు మొదలయ్యాక మింగితే అదీ బయటికే. ఎంత మత్తుగా ఉంటుందో తెలియాలంటే ఏదో ఒక రోజు ఇంట్లో వేసి చూడండి. అవోమిన్ వేస్తే ఇది వద్దు, రెండూ కలిపితే నిద్రమత్తు రెట్టింపు. చెవి వెనక అంటించే స్కోపలమిన్ పట్టీకి ప్రిస్క్రిప్షన్ కావాలి, నాలుగు గంటల ముందు అంటించాలి. పెద్దవాళ్లలో అయోమయం కలిగించవచ్చు కాబట్టి నేనైతే దాని జోలికి పోమనే అంటాను.

ఖాళీ కడుపు మంచిది కాదు, పెసరట్టు ఉప్మా అంతకన్నా కాదు. గంటన్నర ముందు రెండు ఇడ్లీ, పొడి లేకుండా. చప్పరించడానికి అల్లం మురబ్బా. అరటిపండు కడుపుకి మంచిదే గానీ, అమెరికా చేపల బోట్ల మీద దాన్ని అపశకునం అంటారు, ఒడ్డునే తినేయండి!

హైవే 17 మలుపుల మీదుగా వెళ్తే ఒడ్డు మీదే కడుపు పాడవుతుంది. 101 మీద దిగి 156, అక్కడి నుంచి 1 పట్టుకోండి.

ఉప్పుడుపిండి:
అందరికీ ధన్యవాదాలు. సెప్టెంబరు మూడో వారానికి మార్చేశాను. నాన్నకి మాత్ర లేదు. బట్టలు ఏం వేయాలి? ఫోన్‌తో ఫోటోలు వస్తాయా?

కెమెరాసంచి:
ఫ్రీమాంట్‌లో ఎండ చూసి మోసపోకండి. నీటి మీద గాలి కోస్తుంది. ఒకదాని మీద ఒకటి మూడు పొరలు, పైన గాలి చొరని జాకెట్. మంకీ టోపీ తెచ్చుకున్నారేమో కనుక్కోండి, ఇన్నాళ్లకి దానికి సరైన చోటు దొరికింది. చీర వద్దని ముందే ఒప్పించండి, తడి మెట్ల మీద కుచ్చిళ్లు కాలికి అడ్డం పడతాయి. రబ్బరు అడుగున్న బూట్లు.

దిక్కులు గడియారంలా చెబుతారు: అణియం 12, కుడి పక్క 3. ముందు ఊపిరి కోసం వెతకాలి. హంప్‌బ్యాక్‌ది గుబురుగా పొదలా లేస్తుంది, బ్లూ వేల్‌ది నిట్టనిలువు స్తంభం, 30 అడుగులు. హంప్‌బ్యాక్ నాలుగైదు సార్లు ఊపిరి తీసుకుని, వీపు బాగా వంచి, తోక ఎత్తిందంటే లోతుకి దిగినట్టే. ఐదు పది నిమిషాలు కనపడకపోవచ్చు, అదే నాన్నగారు టాయిలెట్‌కి వెళ్లాల్సిన సమయం. సముద్రసింహాలూ పక్షులూ ఒకేచోట గోల చేస్తుంటే అక్కడ ఆంచొవీ ఉన్నట్టు, కెమెరా అటే పెట్టండి.

ఫోన్‌లో జూమ్ చేస్తే ఊగుడుకి ఏమీ మిగలదు. జూమ్ లేకుండా వీడియో తీసి తర్వాత కత్తిరించుకోండి. కెమెరా ఉంటే షట్టర్ వేగం 1/1000 సెకను కన్నా నెమ్మదిగా పెట్టకండి, ట్రైపాడ్ పనికిరాదు. తోక అడుగు వైపు స్పష్టంగా పడితే హ్యాపీవేల్ సైటులో ఎక్కించండి. ఆ తెలుపు నలుపు మచ్చలు మన వేలిముద్రల్లాంటివి, ఆ తిమింగలాన్ని ఇంతకుముందు ఎక్కడెక్కడ చూశారో చెబుతుంది.

ఇంకా దగ్గరికి పోనివ్వమని కెప్టెన్‌ని అడగొద్దు, 100 గజాలు దూరం ఉంచడం అక్కడి పద్ధతి. తిమింగలం తనంతట తానే వస్తే అది వేరు. వస్తే ముక్కు మూసుకోడానికి సిద్ధంగా ఉండండి, దాని ఊపిరి కుళ్లిన చేపల కంపు.

పడమటిగాలి:
ఒకటి మర్చిపోయాను. ‘గ్యారంటీ’ అని రాసినచోట చిన్న అక్షరాలు చదవండి. తిమింగలం కనపడకపోతే చాలాచోట్ల డబ్బు వెనక్కివ్వరు, ఇంకోసారి ఉచితంగా ఎక్కనిస్తారు. సెప్టెంబరు చివరికి అమ్మానాన్న ఇండియా వెళ్లిపోతారు కాబట్టి టికెట్ ఎప్పటిదాకా చెల్లుతుందో, వాళ్ల బదులు మీరు వాడుకోవచ్చో లేదో ముందే అడగండి.