దత్తత తెచ్చుకున్న పెద్ద కుక్కకి పాత పేరే ఉంచాలా, మార్చేయొచ్చా?

సందేహాలరావు: షెల్టర్ నుంచి రెండేళ్ల కుక్కని తెచ్చుకుంటే పేరు మార్చకూడదని కొందరు, మారిస్తే ఏమీ కాదని ఇంకొందరు అంటున్నారు. పాత పేరు 'జో'. అది మేం వద్దని చెప్పడానికి వాడే 'నో'కి దగ్గరగా ఉందని, మార్చి 'బ్రూనో' అని పెడదామనుకుంటున్నాం. ఏది సరైనదో కారణాలతో చెప్పండి.

గేటుకాపలా: మార్చొద్దండీ. ఇల్లు, మనుషులు, వాసనలు అన్నీ ఒక్కసారే మారిపోయిన జీవికి తెలిసిన మాట ఒక్కటైనా మిగలాలి. పైగా కొత్తింట్లో మొదటి రోజుల్లోనే కుక్క తప్పించుకుపోయే ప్రమాదం ఎక్కువ. రోడ్డు మీదికి ఉరికిన కుక్క నిన్న పెట్టిన పేరుకి వెనక్కి తిరగదు.

తోకభాష: పేరు మీద మమకారం మనకే. కుక్కకి అది 'ఇటు చూడు' అనే సంకేతం, అంతే. పైగా షెల్టర్‌వాళ్లు ఆ పేరు పోయిన వారమే పెట్టి ఉండొచ్చు. ముందు పరీక్షించండి. అది వేరేవైపు చూస్తున్నప్పుడు మామూలు గొంతుతో ఒక్కసారి 'జో' అనండి. కాసేపాగి అదే గొంతుతో 'కిటికీ' అనండి. రెండిటికీ ఒకేలా తిరిగితే దానికి పేరు తెలీదు, మీ గొంతుకే తిరుగుతోంది. 'జో' అనగానే చెవులు వెనక్కి వాల్చి, పెదవులు నాక్కుంటూ మొహం తిప్పేసుకుంటే మాత్రం ఆ పేరుతో బాగా తిట్లు తిని ఉండొచ్చు. అప్పుడు మార్చి తీరాలి.

అన్నట్టు, 'జో' వద్దని 'బ్రూనో'నా? దాని చివర ఉన్నదీ 'నో'నే కదండీ!

రెండక్షరాలు: అదే చెప్పబోతున్నా. 2020లో బుడాపెస్ట్ పరిశోధకులు కుక్కల మెదడు తరంగాలు కొలిచి చూశారు. తెలిసిన మాటకీ, పూర్తిగా వేరే శబ్దానికీ తేడా పట్టాయి గానీ, ఒక్క ధ్వని మాత్రమే మార్చిన మాటకి పట్టలేదు. అందుకే ఆజ్ఞలతో ప్రాసపడే పేర్లు వద్దు. తెలుగులో ఆజ్ఞలిచ్చే ఇళ్లలో రాజా, రాకీ, రాముతో ఇంకో చిక్కు. 'రాజా, ఆగు' అంటే మొదటి అక్షరానికే బయల్దేరుతుంది.

గేటుకాపలా: మరీ అంత లెక్కలా? చేజర్ అనే బోర్డర్ కోలీ జాతి కుక్క 1,022 బొమ్మల పేర్లు నేర్చుకుంది.

రెండక్షరాలు: రోజుకి 4-5 గంటల చొప్పున మూడేళ్లు నేర్పితే నేర్చుకుంది. అంత తీరిక ఉంటే మీ కుక్కకి ఏ పేరైనా పెట్టుకోండి!

సందేహాలరావు: సరే, 'మాక్స్' అనుకుందాం. ఎలా మార్చాలి? పాత పేరు, కొత్త పేరు కలిపి పిలవమంటున్నారు.

తోకభాష: కలిపి పిలవడంలో వరుస ముఖ్యం. 'జో మాక్స్' అంటే 'జో' దగ్గరే తల తిప్పేస్తుంది, రెండో మాట వినాల్సిన అవసరమే ఉండదు. ముందు 'మాక్స్', ఒక్క క్షణం ఆగి 'జో', తిరగగానే తినడానికి శనగగింజంత ముక్క. చప్పుడు లేని గదిలో, రెండడుగుల దూరంలో, విడతకి పదిసార్లు, రోజుకి రెండు మూడు విడతలు. 'జో' అనేలోపే తిరగడం మొదలైతే 'జో' ఆపేయండి. ఆ తర్వాతే పక్కగది, ఆపై వరండా, చివరికి వీధి. వీధిలో పిలవగానే తిరిగేదాకా పొడవాటి తాడు విప్పొద్దు. ఈ ఒక్క విషయంలో గేటుకాపలా గారి భయం నిజమే.

ఎక్కువమంది చెడగొట్టేది తర్వాత. పలక్కపోతే 'మాక్స్, మాక్స్, మాక్స్' అని వరసగా అరుస్తారు, మొదటి రెండు పిలుపులూ పట్టించుకోనక్కర్లేదని అది నేర్చుకుంటుంది. పిలిచి స్నానానికి పట్టుకుంటారు, గోళ్లు కత్తిరిస్తారు. వాటికి పిలవొద్దు, మీరే దాని దగ్గరికి వెళ్లండి. తిట్టేటప్పుడు పేరు అసలు ఎత్తొద్దు.

గేటుకాపలా: 'జో' వినగానే తోక ఊపుతూ వచ్చే కుక్కకి ఈ తతంగమంతా ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు. పేరు ఉంచి 'నో'నే మార్చుకోండి, 'వద్దు' అనండి. మారాల్సింది ఇంట్లో నలుగురి నోరే.

రెండక్షరాలు: ఇది నాకూ నచ్చింది. మార్చేట్టయితే మాత్రం ఒకటి చూసుకోండి. 'మాక్స్' మన నోట్లో 'మాక్సూ' అవుతుంది, పిల్లలకి 'మాక్సీ', పెద్దవాళ్లకి 'మాక్సిగా'. నేర్పే రోజుల్లో అందరూ ఒకేలా పలకాలి. టీకా కార్డులోనూ, మైక్రోచిప్ (గుర్తింపు కోసం కుక్క చర్మం కింద పెట్టే చిన్న చిప్) నమోదులోనూ కొత్త పేరు రాయించండి. చిప్‌లో ఉండేది 15 అంకెల నంబరే, అది మారదు. నమోదులో మీ ఫోన్ నంబరు సరిగ్గా ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.