ఉప్పు పెంచినా ప్లాస్మిడ్ సూపర్‌కాయిలింగ్‌లో తేడా ఎందుకు కనిపించడం లేదు?

సాల్మొనెల్లా టైఫీమ్యూరియం అనే బ్యాక్టీరియాలో ఉప్పు పెరిగితే డీఎన్‌ఏ ఋణ సూపర్‌కాయిలింగ్ (డీఎన్‌ఏ పేట వదులై తనమీద తానే మెలికపడటం) పెరుగుతుందని, దాంతోపాటే ఉప్పును తట్టుకోవడానికి తోడ్పడే ప్రోయూ వంటి జన్యువులు చురుకవుతాయని చదివి ఈ ప్రయోగం మొదలుపెట్టాను. వ్యాధికారక జన్యువుల జోలికి వెళ్లేముందు ఈ పునాది గట్టిపడాలి. మూడు వారాలుగా అది కుదరడం లేదు.

పీయూసీ18 ప్లాస్మిడ్ (చిన్న వలయాకార డీఎన్‌ఏ) ఉన్న కణాలను మామూలు మాధ్యమంలోనూ, 0.3 మోలార్ సోడియం క్లోరైడ్ కలిపినదానిలోనూ 37 డిగ్రీల వద్ద పెంచాను. ప్లాస్మిడ్‌ను తీసి, మెలికల తేడాను బట్టి ప్లాస్మిడ్‌లు విడివడేందుకు మిల్లీలీటరుకు 2.5 మైక్రోగ్రాముల క్లోరోక్విన్ కలిపిన 1 శాతం అగరోజ్ జెల్‌పై 16 గంటలు చీకట్లో నడిపాను. రెండు వరుసల్లోనూ పట్టీలు ఒకే చోట ఆగాయి. ప్రోయూ రిపోర్టర్ (ఆ జన్యువు ఎంత చురుగ్గా ఉందో చూపే సూచిక) మాత్రం ఉప్పులో బాగా పెరిగింది, అంటే కణాలకు ఉప్పు తెలుస్తోంది. ఋణ మెలికలు వేసే ఎంజైమ్ గైరేజ్‌ను అడ్డుకునే నోవోబయోసిన్ ఇచ్చిన నమూనాలో పట్టీలు స్పష్టంగా జరిగాయి, కాబట్టి జెల్‌ను అనుమానించలేను.

క్లోరోక్విన్ ద్రావణాన్ని మళ్లీ తాజాగా తయారుచేశాను, జెల్‌ను 20 గంటలు నడిపాను, కిట్ మార్చాను. ఫలితం అదే.

ఇక నాకు మిగిలిన అనుమానం కణాలను సేకరించే దశ మీదే. గది ఉష్ణోగ్రతలో 10 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేసి, ఉప్పు లేని బఫర్‌తో కడుగుతున్నాను. ఆ కొద్ది సమయంలోనే టోపోఐసోమరేజులు (డీఎన్‌ఏ మెలికలను మార్చే ఎంజైములు) తేడాను చెరిపేస్తున్నాయా? అలాగైతే, కణాలను సేకరించిన క్షణంలో ఉన్న సూపర్‌కాయిలింగ్ అలాగే నిలవాలంటే మీరు ఏ పద్ధతి వాడుతున్నారు?