కేథలిక్ బాలుర బడిలో సేవా గంటలు తప్పనిసరి చెయ్యొచ్చా?

ఎడమచెయ్యి:
ఏడాదికి ఇన్ని గంటల సేవ చేసినట్టు సంతకాల కాగితం తెస్తేనే పై తరగతి. చాలా కేథలిక్ బాలుర బడుల్లో ఇదే పద్ధతి. 25 గంటలనుకుందాం. దీన్ని ఎత్తేయాలని నా వాదన. కుడిచెయ్యి ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదని మత్తయి 6వ అధ్యాయం చెబుతుంటే, మనం కుడిచేతిని తేదీ, టైము, సంతకం అడుగుతున్నాం. చివరికి జరిగేదేమిటి? ఎనిమిది నెలలు కాగితం ఖాళీ. ఆఖరి నెలలో ఊడ్చిన వరండానే మళ్లీ ఊడ్చి, తెలిసినవాళ్లతో సంతకం పెట్టించుకోవడం. 1833లో పారిస్‌లో విన్సెంట్ డి పాల్ సేవాసంఘం స్థాపకుడు ఓజనాం, తోటి విద్యార్థులు పేదల ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టినప్పుడు వాళ్లను ఎవరూ గంటలు అడగలేదు. అప్పటికి ఓజనాంకు 20 ఏళ్లు.

చాక్‌పీసు:
ఓజనాం కథ సగమే చెప్పారు. ఆ కుర్రాళ్లు అక్కడి పేదల మధ్య పనిచేసే సిస్టర్ రోజలీ రాండ్యూ దగ్గరికి వెళ్తే, ఏ ఇంటికి వెళ్లాలో, వెళ్లి ఎలా మసలుకోవాలో నేర్పింది ఆవిడే. 1835కల్లా సంఘానికి నియమావళి కూడా వచ్చింది. ఉత్సాహం ఒక్కటే ఉండి ఉంటే ఈపాటికి ఆ పేరు మనకు తెలిసేదే కాదు.

ఇంకో సంగతి, ఇది మగపిల్లల బడికే ప్రత్యేకం. స్వచ్ఛందం అనగానే ఎప్పుడూ చేతులెత్తే ఆ పదిమందే ఎత్తుతారు. మిగతావాళ్లలో మనసున్నవాళ్లు లేకపోలేదు, కానీ తోటివాళ్లు "పెద్ద పునీతుడు బయల్దేరాడ్రా" అంటారని భయం. తప్పనిసరి అంటే వాడికి ఒక సాకు దొరుకుతుంది: "ఏం చేస్తాం, పంపిస్తున్నారు". ఆ సాకు పట్టుకుని వెళ్లినవాడే మూడోసారికి సాకు మర్చిపోతాడు. ఆదివారం పూజ కూడా శ్రీసభ (కేథలిక్ చర్చి) పెట్టిన విధే కదా, అందుకని భక్తి అబద్ధమైపోయిందా?

ఎడమచెయ్యి:
పూజతో పోల్చకండి. ఆదివారం విధి కేథలిక్కులకే. ఈ బడుల్లో కేథలిక్కులు కాని పిల్లలు ఎంతమంది చదవడం లేదు? విశ్వాసం విషయంలో ఎవర్నీ బలవంతపెట్టకూడదని శ్రీసభ చట్టం 748వ సూత్రం సూటిగా చెబుతోంది. పాపసంకీర్తనంలోనూ, అంటే ఫాదరు దగ్గర పాపాలు ఒప్పుకోవడంలోనూ, ఆ గురువును ఎంచుకునే స్వేచ్ఛ 991వ సూత్రం ఇచ్చింది. పాపసంకీర్తనానికి తరగతి మొత్తాన్ని వరసకట్టించి "అందరూ వెళ్లండి" అనే అలవాటు సేవలోకీ పాకిందనే నా బాధ.

చాక్‌పీసు:
పాపసంకీర్తనం సంగతి ఒప్పుకుంటాను. ఆ రోజు గుడిలో కూర్చుని ఊరికే ప్రార్థించుకునేవాడికి కూడా చోటుండాలి, లేచి వెళ్లనివాణ్ని ఎవరూ లెక్కపెట్టకూడదు. కానీ ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడానికి జ్ఞానస్నానం అక్కర్లేదండీ. పూజ వేరు, సేవ వేరు అని మీరే అన్నారు. అలాంటప్పుడు ఒకదానిమీది అభ్యంతరం రెండోదానికెలా వర్తిస్తుంది?

చక్రాలకుర్చీ:
మీరిద్దరూ పిల్లల ఆత్మల గురించే మాట్లాడుతున్నారు. అవతలి వైపు వృద్ధాశ్రమం ఉంది. అక్కడినుంచి చూస్తే తప్పనిసరా, కాదా అన్నది రెండో ప్రశ్న. ఎంతమంది, ఎన్నిసార్లు, ఏం నేర్చుకుని వస్తున్నారన్నది మొదటి ప్రశ్న.

ఆఖరి నెలలో 40 మంది ఒక్కసారే వస్తే సిబ్బందికి పిల్లల్ని కాయడమే పని. ఒక గదికి ఇద్దరు, మొత్తం ఎనిమిదిమంది, తోడు ఇద్దరు పెద్దవాళ్లు. అంతకు మించితే పిల్లలు గోడకు ఆనుకుని ఫోను చూసుకుంటారు.

వచ్చేముందు అరగంట కూర్చోబెట్టి చెప్పాల్సినవి ఉన్నాయి. చక్రాల కుర్చీలోకి ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ రెండు బ్రేకులూ వేసి, కాళ్లు పెట్టుకునే పలకలు పైకి మడవాలి. మడవకపోతే పెద్దాయన దానిమీదే నిలబడతాడు, కుర్చీ ముందుకు తిరగబడుతుంది. ఏటవాలు దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి, మనం ముందు దిగుతూ రావాలి. అన్నిటికన్నా ముఖ్యం, సిబ్బందిని అడక్కుండా నోటికి ఏదీ అందించకూడదు, నీళ్లు కూడా. మింగడం కష్టమైనవాళ్లకు నీళ్లను చిక్కగా చేసి ఇస్తారు. ప్రేమకొద్దీ మామూలు నీళ్లు గ్లాసుతో పట్టిస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, న్యుమోనియా రావచ్చు. దగ్గు, జలుబు ఉన్న పిల్లవాడు ఆ వారం రాకపోవడమే సేవ.

ఇక ఫోటోలు. బడి పత్రికకోసం మంచంమీదున్న మనిషిని అడక్కుండా ఫోటో తియ్యడం సేవ ఎలా అవుతుందో ఎవరైనా చెప్పండి.

ఎడమచెయ్యి:
చూశారా, అందుకే అంటున్నా. ఇష్టం లేనివాణ్ని తోలితే ఆ బ్రేకు వెయ్యడు.

చక్రాలకుర్చీ:
ఇష్టమున్నవాడూ వెయ్యడండీ, నేర్పకపోతే. నీళ్లు పట్టించేది ఎక్కువగా ఆ ప్రేమగలవాడే.

మూడోబెంచీ:
తప్పంతా గంటల్లో ఉంది. గంటలు లెక్కపెడితే పిల్లవాడు గంటలే తెస్తాడు. గంటలు తీసేసి రాకల్ని లెక్కపెట్టండి: అదే నలుగురు, అదే చోటు, వారానికి ఒకసారి, ఎనిమిది వారాలు. ఏడో వారం తర్వాతి నలుగురు కూడా వచ్చి, పేర్లు, ఎవరికి ఏ చెవి వినపడదు, ఎవరికి పేకాట ఇష్టం అన్నీ తెలుసుకుని పని అందుకోవాలి. లేకపోతే అలవాటైన పిల్లలు సెలవులకు మాయమైపోతారు, ఆ పెద్దావిడ గుమ్మంవైపు చూస్తూ కూర్చుంటుంది. కాగితంమీద సంతకం ఆశ్రమంవాళ్లదే ఉండాలి, బంధువులది చెల్లదు. దొంగలెక్కల్లో చాలామటుకు అక్కడే ఆగిపోతాయి.

తిరిగొచ్చాక 20 నిమిషాలు కూర్చోవాలి. "ఏం నేర్చుకున్నావు?" అని మాత్రం అడక్కండి, "చాలా నేర్చుకున్నాను" అని రాసిచ్చేస్తారు. "ఇవాళ ఎవరి పేరు తెలిసింది? ఎక్కడ ఇబ్బందిపడ్డావు? ఆవిడ ఇక్కడికి ఎందుకు వచ్చింది?" అని అడగండి. మూడో ప్రశ్న దగ్గర గది నిశ్శబ్దమవుతుంది, తొందరపెట్టకూడదు. 1973లో వాలెన్సియాలో యేసుసభ (జెసూట్ గురువుల సభ) అధిపతి పెద్రో అర్రూపే తమ పూర్వవిద్యార్థుల ముందే, మిమ్మల్ని న్యాయంకోసం తీర్చిదిద్దామా అంటే లేదని ఒప్పుకున్నారు. పొట్లాలు కట్టి పంచడం దగ్గరే ఆగిపోతే ఇవాళా అదే జవాబు.

చాక్‌పీసు:
రాకల లెక్క నాకు సమ్మతమే. మార్కులు మాత్రం వద్దు. చేశాడా లేదా, అంతే. "సేవలో 92" అని ప్రగతిపత్రంలో వేస్తే ఎడమచెయ్యి గారే గెలిచినట్టు.

ఎడమచెయ్యి:
ఒక్క షరతుమీద సగం దిగొస్తాను. మొదటి ఎనిమిది వారాలే తప్పనిసరి, ఆ తర్వాత వాడి ఇష్టం. రెండో విడతకు ఎంతమంది మిగిలారో చూస్తే మన బడి ఏం నేర్పిందో తెలుస్తుంది.

కొత్తవాడు:
మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. బడి మరుగుదొడ్లు కడిగితే సేవకింద వేస్తారా?

మూడోబెంచీ:
ముందు ఆ పనిని శిక్షల జాబితాలోంచి తీసెయ్యాలి. ఆలస్యంగా వచ్చినవాడికి సోమవారం శిక్షగా ఇచ్చిన చీపురునే బుధవారం సేవ అని ఇస్తే ఎవడు నమ్ముతాడు? జాబితా మార్చాక అందరికీ వంతులు వెయ్యండి, పెద్ద తరగతులతో మొదలుపెట్టి. ఉపాధ్యాయుల వంతు కూడా అందులో ఉండాలి.

చాక్‌పీసు:
ఉపాధ్యాయుల వంతా? దానికి ఇంకో చర్చ తెరవండి.