రేకుల షెడ్డులో వెయిట్‌లిఫ్టింగ్ నేర్పుతున్నాం, పిల్లలకు దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది?

ప్రశ్న (యువజన సంఘం కార్యదర్శి, నెల్లిమర్ల మండలం):
అందరికీ నమస్కారం. మాకు వెయిట్‌లిఫ్టర్లకు పేరున్న కొండవెలగాడ దగ్గరే కాబట్టి పిల్లలకు ఈ ఆటంటే మోజెక్కువ. వచ్చేవాళ్లలో చాలామంది పదో తరగతి లోపువాళ్లే, ఆడపిల్లలూ ఉన్నారు. మొన్న ఒకావిడ "రేపేమైనా అయితే ఎవరు చూస్తారు బాబూ?" అని అడిగారు. "సంఘానికి బాధ్యత లేదని తల్లిదండ్రుల చేత సంతకం పెట్టించేద్దాం" అంటోంది కమిటీ. సరిపోతుందా?

జవాబు (రిటైర్డ్ పీఈటీ, ఆమదాలవలస):
సరిపోదు తమ్ముడూ. ఈ ఆటలో ప్రమాదం ఉందని ముందే చెప్పామనడానికి ఆ కాగితం పనికొస్తుంది. మన అజాగ్రత్త వల్ల దెబ్బ తగిలితే మాత్రం అది అడ్డుపడదు. ఎలాగూ రాయిస్తున్నారు కాబట్టి ఫోన్ నంబర్లు, ఉబ్బసం, ఫిట్స్, పాత దెబ్బలు కూడా అందులో రాయించుకోండి.

ముందు షెడ్డు సంగతి చూడండి. కాలర్లు (ప్లేట్లు జారకుండా బార్‌కు రెండు పక్కలా పెట్టే బిగింపులు) బిగించకుండా బార్ ఎత్తనివ్వొద్దు. ఒక పక్క ప్లేట్లు జారిపోతే బార్ రెండో పక్కకు తిరగబడుతుంది. స్నాచ్ (బార్‌ను నేల మీంచి ఒకే ఊపులో తల పైకి ఎత్తడం) తప్పుతున్నప్పుడు పట్టుకుందామని ఎవరూ దగ్గరికి ఉరకకూడదు, ఎత్తేవాడే బార్ వదిలేసి తప్పుకోవాలి. మనవాళ్లు ఎత్తడం నేర్పుతారు, పడేయడం నేర్పరు. నన్నడిగితే సగం దెబ్బలు అక్కడే. కర్రతో, తేలికపాటి బార్‌తో మొదట్లోనే అది అలవాటు చేయించండి. పోటీల్లో మగవాళ్ల బార్ 20 కిలోలు, ఆడవాళ్లది 15. కొత్తగా చేరిన చిన్నపిల్లలకు ఆ 15 కూడా బరువే.

మోచేయి జారితే లాగి సరిచేస్తామనే పెద్దమనుషులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్లను దగ్గరికి రానివ్వొద్దు. చెయ్యి ఎలా ఉందో అలాగే కదలకుండా కట్టి 108కి ఫోన్ చేయండి. ఉరుము వినపడితే పిల్లల్ని స్లాబు బిల్డింగులోకి పంపేయండి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాల దాకా మళ్లీ మొదలుపెట్టొద్దు.

జవాబు (బ్యాంకు ఉద్యోగి, విజయనగరం):
ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఉంది కదా అనుకోకండి. అది 18 నుంచి 70 ఏళ్ల వాళ్లకే, ఆసుపత్రి ఖర్చులూ ఇవ్వదు. కోచ్‌కి చేయించండి. పిల్లలకు సంఘం పేరిట గ్రూప్ ప్రమాద బీమా దొరుకుతుందేమో కంపెనీలను అడగండి. ప్రాక్టీసులో తగిలిన దెబ్బకూ, వైద్యం ఖర్చుకూ వర్తిస్తుందని పాలసీలో ఉంటేనే డబ్బు కట్టండి.

జవాబు (స్కూల్ టీచర్, చీపురుపల్లి):
ఆడపిల్లలు ఉన్నారన్నారు కాబట్టి చెబుతున్నాను. ప్రాక్టీసు జరిగినంతసేపూ కోచ్‌తో పాటు ఒక తల్లో, సీనియర్ అమ్మాయో ఉండాలి. పిల్లలకు మెసేజ్‌లు పెద్దలున్న గ్రూపులోనే పెట్టాలి. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే కమిటీలో కూర్చుని సర్దేయడం కుదరదు. 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడ మీద రాయించండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థ్యాంక్స్. మాస్టారూ, బార్లు నాలుగున్నాయి, కాలర్లు రెండు జతలే. కొత్తవి వచ్చేదాకా తాడుతో కట్టొచ్చా?

రిటైర్డ్ పీఈటీ:
వద్దు. రెండు బార్లే వాడండి, మిగతా రెండూ తాళం వేసి పెట్టండి.