అప్‌డేట్: రోయిస్ వంశంలో 67వ హైన్‌రిష్ కొడుకు 14వ హైన్‌రిష్ ఎలా అయ్యాడు?

పై ప్రశ్న అడిగింది నేనే; జవాబులిచ్చిన అందరికీ ధన్యవాదాలు. చిక్కుముడి విడిపోయింది.

జర్మనీలోని తూర్పు థురింజియాలో ఏలిన రోయిస్ వంశంలో మగపిల్లలందరి పేరూ హైన్‌రిష్షే, పవిత్ర రోమన్ సామ్రాజ్య చక్రవర్తి 6వ హైన్‌రిష్ గౌరవార్థం. అంకె గద్దెనెక్కినవాళ్లకే కాదు, పుట్టిన ప్రతి మగబిడ్డకీ వేస్తారు. పసితనంలో పోయినవాళ్లూ లెక్కలోకి వస్తారు, అందుకే అంకెలు అంత పెద్దవి.

ఈ వంశం పెద్ద, మధ్య, చిన్న శాఖలుగా చీలింది; అసలు కీలకం ఏ శాఖ అన్నదానిలో ఉంది. గ్రైట్స్ పట్టణంలోని పెద్ద శాఖ 100 దాకా లెక్కపెట్టి మళ్లీ 1కి రావాలన్నది నియమంగా ఉండేది. గేరాలోని చిన్న శాఖ మాత్రం శతాబ్దం మారగానే లెక్క మొదటికి తెస్తుంది. 67వ హైన్‌రిష్ 1789లో, ఆయన కొడుకు 1832లో పుట్టారు. కొత్త శతాబ్దం కాబట్టి కొడుకు 14వ వాడయ్యాడు. అంకె చూసి తరాలు లెక్కపెట్టడం ఇక్కడ అస్సలు పనికిరాదు.

ఇంకో ప్రమాదం: 24వ హైన్‌రిష్‌లు ఇద్దరు దాదాపు ఒకే కాలంవాళ్లు. 1855లో పుట్టిన కోస్ట్రిట్స్ స్వరకర్తది చిన్న శాఖ. 1878లో పుట్టిన గ్రైట్స్ రాజుది పెద్ద శాఖ. ఈ రాజుకు పాలించే ఆరోగ్యం లేక గేరా బంధువులే రాజప్రతినిధులుగా వ్యవహారాలు నడిపారు. 1927లో ఆయనతో పెద్ద శాఖ ముగిసింది.

కాబట్టి వంశవృక్షం రాసేవాళ్లు ప్రతి పేరు పక్కనా శాఖ, పుట్టిన ఏడు, తండ్రి అంకె తప్పక వేయండి. 1616లో అంతరించిన మధ్య శాఖను విడిగా ఉంచండి.