గోల్కొండ, చార్మినార్, చౌమహల్లా: పెద్దవాళ్లతో రెండు రోజుల్లో ఎలా?

గోదారి_పిల్ల:
వచ్చే గురు, శుక్రవారాలు అమ్మానాన్నలతో హైదరాబాద్‌లో ఉంటాం. నాన్నకి మోకాళ్ల నొప్పులు, అమ్మకి రామదాసు బందీఖానా చూడాలని ఎప్పటి నుంచో కోరిక. గోల్కొండ, కుతుబ్ షాహీ సమాధులు, చార్మినార్, చౌమహల్లా అనుకుంటున్నాం. ఏ రోజు ఏది పెట్టుకోవాలి? పాతబస్తీలో కారు ఎక్కడ ఆపుకోవాలి?

షాలిబండ_వాసి:
శుక్రవారం చౌమహల్లా మూసి ఉంటుందండీ, సాలార్‌జంగ్ మ్యూజియం కూడా. మా బావగారి వాళ్లు అమెరికా నుంచి వచ్చి మరీ గేటు దాకా వెళ్లి తిరిగొచ్చారు, ట్రావెల్స్ వాడు ఒక్క ముక్క చెప్పలేదు, డబ్బులు మాత్రం మొత్తం తీసుకున్నాడు. చౌమహల్లా ప్యాలెస్‌లోని ఖిల్వత్ దర్బారు హాల్లో ఆ షాండ్లియర్ల కింద నిలబడకుండా హైదరాబాద్ చూశామంటే నేను ఒప్పుకోను.

కోటల_పిచ్చి:
గోల్కొండకి పొద్దున్నే వెళ్లండి. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన కొండ శిఖరం మీది బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది, అమ్మగారికి బాగా నచ్చుతుంది.

లంగర్‌హౌజ్_రాజు:
మళ్లీ అదే తప్పు! ఫతే దర్వాజా బయటి గోడకి ఉన్న గుమ్మం, ఇవాళ్టికీ బండ్లు అందులోంచే పోతాయి. చప్పట్లు కొట్టాల్సింది లోపల, కొండ కింద లోకోటకి ఉన్న బాలాహిస్సార్ దర్వాజా దాటగానే వచ్చే గోపురం కింద. ఆ హారన్ల మధ్య చప్పట్లు కొడితే పక్కవాడికే వినపడదు.

కోటల_పిచ్చి:
గైడు ఫతే దర్వాజా అనే చెప్పాడు, నెట్‌లోనూ అలాగే ఉంది. కోట పక్కన ఇల్లు ఉన్నంత మాత్రాన చరిత్ర మీ సొత్తు అయిపోదు.

లంగర్‌హౌజ్_రాజు:
సొత్తు అని నేనెక్కడన్నాను? వచ్చి నిలబడి చూడు, అంతే చెప్తున్నా. ఇలా రాసే జనం తప్పు గుమ్మం దగ్గర ఆగి నిరాశపడి పోతున్నారు.

శాసనాల_శారద:
నేను ఎం.ఏ. ఆర్కియాలజీ చేశాను, అక్కడ ఫీల్డ్ వర్క్ కూడా చేశాను. రాజుగారు చెప్పిందే సరి. కానీ మీరిద్దరూ చప్పట్లు పట్టుకుని అసలు సంగతి వదిలేశారు. 1687లో ఎనిమిది నెలలు చుట్టుముట్టినా ఔరంగజేబు ఆ కోటను ఫిరంగులతో పడగొట్టలేకపోయాడు, కోట లోపలి సేనాని అబ్దుల్లా ఖాన్ పన్నీ లంచానికి తలుపు తెరిచాడు కాబట్టే మొఘలులు లోపలికొచ్చారు. ఒళ్లంతా గాయాలైనా చివరిదాకా పోరాడిన గోల్కొండ సేనాని అబ్దుల్ రజాక్ లారీ పేరు ఎవరూ ఎత్తరేం?

పల్నాటి_పౌరుషం:
ఇంకో మాట. గోల్కొండ వజ్రాలు అంటుంటారు కదా, అవి గోల్కొండలో తవ్వినవి కావు. మా వైపు కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి చోట్ల దొరికితే అక్కడికి తెచ్చి అమ్మారు. పేరేమో వాళ్లకి, మా ఊళ్లకి ఒక బోర్డు కూడా లేదు.

షాలిబండ_వాసి:
అన్నా, ఆవిడ అడిగింది నాన్నగారి మోకాళ్ల గురించి.

మెట్లబావి:
అయితే సమాధుల దగ్గరే ఎక్కువసేపు ఉండండి, అక్కడ నేల చాలావరకు చదును. అక్కడి పెద్ద మెట్లబావి బడీ బావ్లీ కూలిపోయిన రోజుల్లో చూసినవాణ్ణి, ఇప్పుడు బాగుచేశాక నీళ్లతో చూస్తే కడుపు నిండిపోయింది. చివరి కుతుబ్ షాహీ సుల్తాన్ తానీషా సమాధి కోసం మాత్రం వెతక్కండి, ఆయన్ని మహారాష్ట్రలోని దౌలతాబాద్‌లో బందీ చేశారు, సమాధి ఖుల్దాబాద్‌లో ఉంది. రామదాసుని బంధించిన రాజు కూడా చివరికి ఖైదులోనే పోయాడు.

మలక్‌పేట_మామ:
నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 1798లో చనిపోతే మా గుట్ట మీద సమాధి కట్టారు, పక్కన నల్లటి స్తంభం. ఊళ్లోవాళ్లే రారు. దానికి టికెట్టూ లేదు, జనం తోపులాటా లేదు.

కోటల_పిచ్చి:
రేమండ్‌ది సరే గానీ, పన్నీ తెరిచింది ఏ గుమ్మమో శారదగారు చెప్పలేదు.

గోదారి_పిల్ల:
చౌమహల్లా, చార్మినార్ గురువారానికి మార్చేశాను, థ్యాంక్స్. బందీఖానా దాకా నాన్న రాగలరా? కారు సంగతి ఎవరూ చెప్పలేదు.

లంగర్‌హౌజ్_రాజు:
బందీఖానా కొండెక్కే దారిలోనే, శిఖరం దాకా పోనక్కర్లేదు, కానీ మెట్లు తప్పవు. నాన్నగారిని కింద తోటలో కూర్చోబెట్టి అమ్మగారిని నిదానంగా ఎక్కించమ్మా. గోడ మీద రామదాసు చెక్కాడని చెప్పే సీతారాముల బొమ్మలు చూపించు. చార్మినార్ దగ్గరికి కారు తేవద్దు, ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) మెట్రో స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కండి.