వేదాంబురాశి: నాలుగా, ఏడా?

రాజమహేంద్రి: రాజరాజనరేంద్రుని పట్టాభిషేక కాలం చెప్పే కోరుమెల్లి శాసన శ్లోకంలో ‘శకవత్సరేషు వేదాంబురాశినిధివర్తిషు’ అన్నంతవరకే నాకు నోటికి వస్తోంది. శాసనాల కాలాలను డేటాబేస్‌లో పెట్టి, తెర మీద తెలుగు తేదీలుగా చూపే కోడు రాస్తున్నాను. పదాలతో అంకెలు చెప్పే ఈ పద్ధతిలో వేదాలు 4, నిధులు 9. నడుమనున్న అంబురాశిని, అంటే సముద్రాన్ని, 4 అనాలా, సప్తసముద్రాలను బట్టి 7 అనాలా?

కోనసీమ: నాలుగే. ఈ అంకెలను వెనకనుంచి చదవాలి గనుక శక 944, అంటే క్రీ.శ. 1022. తరువాత వచ్చే ‘సింహగేఽర్కే’ను (సూర్యుడు సింహరాశిలో ఉండగా), కృష్ణ ద్వితీయను, ఉత్తరాభద్రను, గురువారాన్ని కలిపి చూసి పండితులు 1022 ఆగస్టు 16గా నిర్ణయించారు.

లిపికారుడు: రాశికి 12 అనే సంకేతం కూడా ఉంది కదా, అంబువును, రాశిని ఎందుకు విడదీయకూడదు?

కోనసీమ: విడదీస్తే సంఖ్య అయిదంకెలకు పోతుంది, ఏ శకానికీ ఒదగదు. ఏడు అన్నా చిక్కే: అప్పుడు పట్టాభిషేకం 1052 అవుతుంది. నన్నయభట్టు రచించిన నందంపూడి శాసనం ఈ రాజు ముప్పైరెండవ ఏటిది. ఆ లెక్కన అది 1080 దాటిపోతుంది, 1070 నాటికే ఆయన కుమారుడు కులోత్తుంగుడు చోళ సింహాసనం మీద ఉన్నాడు.

లిపికారుడు: నన్నయ పేరెత్తారు గనుక అంటున్నాను, ‘నిధివర్తిషు’ అన్న ముగింపులోని నడక కూడా నాకు ఆయనదే అనిపిస్తుంది.

కోనసీమ: కోరుమెల్లి శాసన కవి చేతనభట్టు. నడకను బట్టి కర్తను నిర్ణయించలేము.

రాజమహేంద్రి: మరి నేను కోడు రాసే పైథాన్ భాషలో 1022-08-16 ఇచ్చి వారం అడిగితే శుక్రవారం అంటోంది. అందుకే నాకు నాలుగు మీద అనుమానం వచ్చింది.

తిథివారం: అనుమానం అంబురాశి మీద కాదు, క్యాలెండర్ మీద రావాలి. పండితులు ఇచ్చినది జూలియన్ అనే పాత క్యాలెండర్ తేదీ. పైథాన్ ఈనాడు మనం వాడే గ్రెగోరియన్ లెక్కనే వెనక్కి సాగదీస్తుంది. ఆ శతాబ్దంలో రెండింటికీ తేడా 6 రోజులు గనుక 1022-08-22 ఇచ్చి చూడండి, గురువారం వస్తుంది. డేటాబేస్‌లో జూలియన్ దినసంఖ్య (ఒకే ఆది దినం నుంచి వరుసగా లెక్కించిన రోజుల సంఖ్య) 2094571ని మాత్రమే దాచి, చూపేటప్పుడు ఏ క్యాలెండర్ కావాలంటే దానిలోకి మార్చుకోవడం మేలు.

రాజమహేంద్రి: గురువారం వచ్చింది, కృతజ్ఞతలు. చరిత్ర పుస్తకాలతో పొంతన ఉండాలి గనుక పాఠకునికి ఆగస్టు 16నే చూపి, పక్కన ‘జూలియన్’ అని రాస్తాను.

లిపికారుడు: రాశి సంగతి మాత్రం నేనింకా ఒప్పుకోలేదు. ఆ శాసనపు రాగిరేకు నకలు ఎవరి దగ్గరైనా ఉంటే ‘అంబురాశి’ అన్న చోటు ఫోటో పెట్టండి.